విశాఖ బారోమీటరు, సూరత్ వరద

1837లో సూరత్ నగరానికి దెబ్బ మీద దెబ్బ తగిలింది. ఏప్రిల్‌లో నగరం నడిబొడ్డున మూడు రోజులపాటు మంటలు చెలరేగి 9,373 ఇళ్లు బూడిదయ్యాయి. ఆ గాయం మానకముందే, వానాకాలం చివర్లో, తాపీ నది అంతకుముందు ఎవరూ ఎరగనంత ఎత్తుకు పొంగి దాదాపు ఊరంతటినీ ముంచేసింది. చుట్టుపక్కల మైళ్ల కొద్దీ నేల సముద్రంలా కనిపించిందని బ్రిటిష్ కాలపు గెజిటీర్ నమోదు చేసింది. కాలిన ఇళ్ల లెక్క, నష్టం విలువ అన్నీ అందులో ఉన్నాయి. ఆ వానను మోసుకొచ్చిన గాలులు నేలకు మూడు, ఐదు, పది కిలోమీటర్ల ఎత్తున ఏ దిక్కుకు వీచాయో మాత్రం ఎవరూ రాయలేదు. ఎలా రాస్తారు? అక్కడికి ఏ పరికరమూ పంపలేని కాలమది.

ఇది చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రమే పట్టే సంగతి కాదు. సూరత్‌కు ఎగువన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉకాయ్ జలాశయం ఉంది. వానాకాలంలో ఏ తేదీ నాటికి అందులో ఎంత నీరు నిలపాలి, రాబోయే వరద కోసం ఎంత చోటు ఖాళీగా ఉంచాలి అన్నది ఏటా ఇంజనీర్ల ముందుండే చిక్కు. ఎక్కువ ఖాళీ ఉంచితే వేసవిలో సాగుకూ కరెంటుకూ కరువు. తక్కువ ఉంచితే కింద సూరత్‌కు ముప్పు. ఈ తూకం అంతా ‘తాపీ పరీవాహకంలో ఎంత పెద్ద వాన పడగలదు’ అన్న అంచనా మీద నిలబడి ఉంది. ఆ అంచనాకు గతం తప్ప వేరే పునాది లేదు.

1968 ఆగస్టులో, ఉకాయ్ ఆనకట్ట ఇంకా నిర్మాణంలో ఉండగా, తాపీలో సుమారు 15 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2006 ఆగస్టులో, ఆనకట్ట ఉండి కూడా, సుమారు 9 లక్షల క్యూసెక్కులు దిగువకు వదలాల్సి వచ్చింది. నగరంలో చాలా భాగం రోజుల తరబడి నీళ్లలో ఉంది. నీరు అంత తగ్గినా నగరంలో మట్టం 1968 నాటి స్థాయికి చేరింది. మధ్యకాలంలో ఊరు నది ఒడ్డును ఆక్రమించుకుంటూ పెరిగిన ఫలితమది. పవర్‌లూమ్ పని కోసం కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడ్డ తెలుగు నేతకారుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఉకాయ్ గేట్ల లెక్క ఆ ఇళ్లలోనూ మాట్లాడుకునే విషయమే.

1968, 2006 వరదలకు కారణమైన వాతావరణం ఎలా ఉందో శాస్త్రవేత్తలకు బాగానే తెలుసు. అప్పటికి రేడియోసాండ్లు ఉన్నాయి. హైడ్రోజన్ బెలూన్‌కు కట్టి పైకి వదిలితే పీడనం, ఉష్ణోగ్రత, తేమ వివరాలను రేడియో ద్వారా కిందికి పంపే చిన్న పెట్టెలవి. మన దేశంలో వాటి వాడకం 1940లలో మొదలైంది. అంతకుముందు, 1914 నుంచి, ఆగ్రాలోని ఎగువ వాతావరణ పరిశోధనశాల పైలట్ బెలూన్లను దూరదర్శినితో వెంటాడి గాలుల దిశ రాసుకునేది. ప్రపంచమంతటా ఒక పద్ధతిగా పై గాలిని కొలవడం 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంతోనే ఊపందుకుంది. అంటే ఎగువ వాతావరణానికి నమ్మదగిన చరిత్ర ఏడెనిమిది దశాబ్దాలకు మించదు. వందేళ్లకు ఒకసారి వచ్చే వరద గురించి మాట్లాడటానికి అది చాలదు. 1837, 1883 వరదలు ఆ పరిధికి అవతలే ఉండిపోయాయి.

ఆ అవతలి కాలాన్ని చూడటానికి ఒక దారి దొరికింది. వైద్యుడు మణికట్టు దగ్గర నాడి పట్టి లోపలి సంగతి చెప్పినట్టు, నేల మీద కొలిచిన పీడనాన్ని బట్టి పైన గాలి ఎలా ఉండి ఉంటుందో లెక్కగట్టడం ఆ పద్ధతి. వినడానికి గారడీలా ఉంటుంది కానీ ఇందులో మాయ లేదు. నేల మీది పీడనమంటే ఆ చోట నెత్తిన ఉన్న మొత్తం గాలి బరువే. ఒక చదరపు మీటరు మీద సుమారు పది టన్నుల గాలి ఉంటుంది. బారోమీటరులో ఒక్క హెక్టోపాస్కల్ తగ్గిందంటే ఆ చదరపు మీటరు మీద నుంచి పది కిలోల గాలి ఎటో తప్పుకుందన్న మాట. ఎందుకు తప్పుకుంది, ఎటు పోయింది అన్నది ఇష్టం వచ్చినట్టు జరిగే పని కాదు. భౌతిక శాస్త్ర సూత్రాలు దాన్ని కట్టడి చేస్తాయి. పది ఊళ్ల బారోమీటర్లు ఒకే రోజు చెప్పిన అంకెలకు ఒకేసారి సరిపోయే పై గాలుల అమరికలు చాలా కొద్దిగానే ఉంటాయి.

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా, కొలరాడో విశ్వవిద్యాలయం నడిపిన ‘ఇరవయ్యో శతాబ్దపు పునర్విశ్లేషణ’ ప్రాజెక్టు ఈ ఆలోచన మీదే నిలిచింది. గిల్బర్ట్ కాంపో బృందం 2011లో దాన్ని వివరంగా ప్రచురించింది. పద్ధతి ఇది: ఒకే కంప్యూటర్ నమూనాను కొద్దికొద్ది తేడాలతో అనేక ప్రతులుగా నడుపుతారు. మూడో కూర్పులో ఆ ప్రతులు 80. ప్రతిదీ రాబోయే కొన్ని గంటల వాతావరణాన్ని ఊహిస్తుంది. ఆ గంటకు ఎక్కడెక్కడ నిజమైన పీడన కొలతలు ఉన్నాయో వాటితో పోల్చి, ఊహలన్నింటినీ నిజం వైపుకు కొంత లాగుతారు. మళ్లీ ముందుకు నడుపుతారు. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, ధ్రువాల దగ్గరి మంచు వివరాలు పక్కన ఆధారంగా ఉంటాయి. అంతే. ఒక్క బెలూన్ కొలత గానీ, ఒక్క ఉపగ్రహ చిత్రం గానీ వాడరు. ఇలా 1836 నుంచి 2015 దాకా నేల నుంచి పై పొరల వరకు గాలి పటాలు తయారయ్యాయి. సూరత్ మునిగిన 1837 కూడా ఆ పరిధిలోకి వచ్చేసింది!

బెలూన్లు ఉన్న కాలంలో ఈ లెక్కను సరిచూసే వీలుంది. వాటి కొలతలను కావాలనే పక్కన పెట్టి, నేల పీడనంతోనే పటం గీసి, తరువాత బెలూన్ చెప్పినదానితో పోల్చారు. ఉత్తరార్ధగోళంలో ఉష్ణమండలానికి వెలుపల ఫలితం నేటి మూడు రోజుల ముందస్తు అంచనాకు దీటుగా ఉంది. పాత బారోమీటరు అంకెలతో సాధించిన దానికి ఇది చిన్న విజయం కాదు.

అయితే ఆ విజయాన్ని ఉన్నదున్నట్టు సూరత్‌కు తెచ్చి అతికించలేం. ఉష్ణమండలంలో రోజుకూ రోజుకూ పీడనంలో తేడాలు చిన్నవి. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ భూభ్రమణ ప్రభావం తగ్గి, పీడనానికీ గాలికీ ఉన్న ముడి సడలుతుంది. సూరత్ 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అటూ ఇటూ కాని చోట ఉంది. దానికి తోడు ఆ తీరానికే ప్రత్యేకమైన ఇంకో చిక్కు ఉంది. 1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర సమయంలో విమానాలు అరేబియా సముద్రం మీద ఎగిరి ఒక వింత తుపాను చక్రాన్ని కొలిచాయి. ఫోరెస్ట్ మిల్లర్, ఆర్.ఎన్. కేశవమూర్తి 1968లో దాన్ని గ్రంథస్థం చేశారు. అది నేలకు మూడు నుంచి ఆరు కిలోమీటర్ల ఎత్తులో బలంగా తిరుగుతుంది, నేల దగ్గర మాత్రం దాని జాడ లీలగా తప్ప కనిపించదు. గుజరాత్, ఉత్తర కొంకణ తీరాలకు కుండపోత వానలు తెచ్చే వాటిలో ఈ మధ్య పొరల ఆవర్తనాలు ముఖ్యమైనవి. నాడిలో కనబడని జ్వరమన్న మాట. సూరత్ మీది ఆకాశాన్ని బారోమీటరుతో మాత్రమే చదవాలనుకునే వారు ఈ సంగతిని ఎప్పుడూ మరవకూడదు.

(తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తికమక. టీవీ వార్తల్లో రోజూ వినిపించే ‘ఉపరితల ఆవర్తనం’ నేల మీద ఉండేది కాదు, పైన గాలిలో తిరిగేది. అదే ‘ఉపరితలం’ అన్న మాటను సముద్రం గురించి చెప్పేటప్పుడు నీటి పైభాగానికి వాడతారు. ఒకే మాట రెండు చోట్ల రెండు ఎత్తులను చెబుతోంది. ఈ వ్యాసంలో నేల, పై గాలి అని విడదీసి రాయడానికి కారణం అదే.)

తీరంలోని ఆవర్తనాల కథ అలా ఉంటే, తాపీలో వచ్చే మహా వరదలది వేరే దారి. ఆ నది 724 కిలోమీటర్లు తూర్పు నుంచి పడమరకు ప్రవహిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు కూడా తరచూ అదే దిక్కున, మధ్య భారతం మీదుగా పడమటికి నడుస్తాయి. వాన ఎగువన మొదలై నీటితోపాటే కిందికి వస్తుంది. పై నుంచి దిగుతున్న వరదకు దారి పొడుగునా కొత్త వాన తోడవుతుంది. 2006 ఆగస్టు మొదటి వారంలో బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం ఒడిశా తీరం దాటి ఇలాగే పడమటికి కదిలింది. అదే వారంలో భద్రాచలం దగ్గర గోదావరి 66 అడుగులు దాటడం తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఒకే వారం, ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ పారే రెండు నదులు.

కాబట్టి సూరత్‌లో నాలుగో రోజు వచ్చే వరదకు మొదటి సంకేతం సూరత్ బారోమీటరులో ఉండదు. విశాఖపట్నం, గోపాల్‌పూర్, పూరీ, కటక్ లాంటి చోట్ల ఉంటుంది. వాయుగుండాలకు నేల దగ్గర పీడనంలో స్పష్టమైన పల్లం ఉంటుంది. అందుకే వాటి విషయంలో నేల నుంచి పైకి లెక్కగట్టే పద్ధతి చాలా మెరుగ్గా పనిచేసే అవకాశం ఉంది. తాపీ పాత వరదలను అర్థం చేసుకోవాలంటే తూర్పు తీరంలోని పాత దస్తావేజులను వెతకాలని చెప్పడం అందుకే.

విశాఖ విషయంలో ఆ దస్తావేజుల వెనక గర్వించదగ్గ కథ ఉంది. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారీ కుటుంబీకుడు మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళ శాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖలో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. నక్షత్రాలతోపాటు అక్కడ వాతావరణ పరిశీలనలూ సాగాయి. భారత వాతావరణ విభాగం పుట్టింది 1875లో. దానికి దశాబ్దాల ముందే ఒక తెలుగు కుటుంబం తన ఇంటి డబ్బుతో ఈ పని చేసింది. నరసింగరావుకు సూరత్ వరద మీద ప్రత్యేక ఆసక్తి ఉండి ఉండదు. రోజూ నిర్ణీత వేళకు పాదరసం మట్టం చూసి అంకె రాయించడం ఆయన పని. ఇవాళ అలాంటి అంకెను కంప్యూటర్‌కు ఇస్తే పై గాలి పటంలో ఒక మూలనైనా స్పష్టత పెరుగుతుంది.

పాత అంకెలను ఇవ్వడం తేలికైన పని కాదు. పాదరసం వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి పక్కన ఉన్న ఉష్ణమాపకం అంకె కూడా కావాలి. బారోమీటరు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో తెలియాలి, ఎందుకంటే ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎత్తు మారితే ఒక హెక్టోపాస్కల్ మారుతుంది. పరికరాన్ని కింది గది నుంచి మేడ మీదికి మార్చి ఆ మాట రాయకపోతే చాలు, ఆ రోజు నుంచి ఊరికి శాశ్వతంగా అల్పపీడనం పట్టినట్టు కనిపిస్తుంది! కాలం సంగతి ఇంకా సున్నితం. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు, ఉదయం పది, రాత్రి పది గంటల ప్రాంతంలో పెరిగి, నాలుగు గంటల వేళల్లో తగ్గుతుంది. ఆ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కళ్ల దాకా ఉండవచ్చు. ఒక మోస్తరు అల్పపీడనం తెచ్చే మార్పు కూడా అంతే. మద్రాసు కాలం, బొంబాయి కాలం, కలకత్తా కాలం వేర్వేరుగా నడిచిన రోజుల్లో రాసిన అంకెను తప్పు గంటకు అంటగడితే, లేని వాయుగుండం పుడుతుంది, ఉన్నది మాయమవుతుంది.

ఇక్కడే అసలు వాదన. పాత రిజిస్టర్లను ఫోటోలు తీసి భద్రపరిచామని చెప్పుకోవడం చాలదు. ఫోటోలోని అంకెను కంప్యూటర్ లెక్కల్లోకి తీసుకోలేదు. ప్రతి అంకెనూ మనిషి కన్ను చదివి, గంట, ఎత్తు, పరికరం వివరాలతో సహా టైపు చేస్తేనే అది దత్తాంశమవుతుంది. 2020 మార్చిలో, కోవిడ్‌తో బ్రిటన్‌లో జనం ఇళ్లకు పరిమితమైన వేళ, రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ హాకిన్స్ పాత వర్షపాతం కాగితాలను ఇంటర్నెట్‌లో పెట్టి సాయం అడిగాడు. సుమారు 16 వేల మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చి, 65 వేలకు పైగా కాగితాల్లోని 50 లక్షలకు మించిన అంకెలను దాదాపు రెండు వారాల్లో చదివేశారు. భారత్‌లో ఇంగ్లిష్ అంకెలు చదవగలిగే విద్యార్థులకు కొదవా? సూరత్‌లో తాపీ వరదల మీద పనిచేసే సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాతావరణ శాస్త్ర బోధనలో పేరున్న విభాగం ఉంది. పుణెలో వాతావరణ విభాగానికి జాతీయ దత్తాంశ కేంద్రం ఉంది. లోపించింది ఈ మూడింటినీ ఒక పట్టిక ముందు కూర్చోబెట్టే నిర్ణయం.

డబ్బు ఖర్చు చేసి అధిక సామర్థ్యం గల నమూనాలు కొనుక్కోవచ్చు కదా అని అనేవారు ఉంటారు. కొనుక్కోవాలి కూడా. జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం బ్రిటన్ వాతావరణ సంస్థతో కలిసి 12 కిలోమీటర్ల వివరంతో భారత ప్రాంతానికి చక్కటి పునర్విశ్లేషణ తయారుచేసింది. అది 1979తో మొదలవుతుంది. ఉపగ్రహాలు నిండుగా ఉన్న కాలమది. 1968 కూడా అందులోకి రాదు. ఎంత గొప్ప నమూనా అయినా, కొలతలు లేని చోట తన ఊహనే తిరిగి చెబుతుంది.

ఇంకో అభ్యంతరం మరింత గట్టిది: వాతావరణమే మారుతున్నప్పుడు వందేళ్ల కిందటి గాలులు దేనికి పనికొస్తాయి? వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది, కాబట్టి రేపటి వాన నిన్నటి వానలా ఉండదు. నిజమే. కానీ నిన్నటి గాలుల అమరిక తెలిస్తే దానికే నేటి తేమను జోడించి, ‘ఆనాటి తుపాను ఈనాడు వస్తే?’ అని కంప్యూటర్‌లో పరీక్షించవచ్చు. అమరికే తెలియకపోతే ఆ ప్రశ్న వేయడానికి కూడా వీలుండదు.

ఈ పటాలను వాడేవారు పడగల గొయ్యి ఒకటుంది. వెనక్కి వెళ్లే కొద్దీ కొలతలు పలచబడతాయి. 80 ప్రతులు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. అన్నింటి సగటు తీస్తే ఒక్కో ప్రతిలో ఒక్కో చోట ఉన్న వాయుగుండం చెదిరి మెత్తబడుతుంది. ఆ సగటును చూసి ‘పూర్వం తుపానులు బలహీనంగా ఉండేవి, ఇప్పుడు బలపడ్డాయి’ అని తీర్మానిస్తే, వాతావరణంలో వచ్చిన మార్పును కాక బారోమీటర్ల సంఖ్యలో వచ్చిన మార్పును కొలిచినట్టవుతుంది. పటంతోపాటు 80 ప్రతుల మధ్య విభేదం ఎంతో కూడా చూపని వ్యాసాన్ని గానీ, నివేదికను గానీ జలాశయ నిర్వాహకులు పక్కన పెట్టడమే మేలు.

సరిచూసుకోవడానికి ఒక ఉపాయం చేతిలోనే ఉంది, అదీ చవకైనది. ఈ పునర్విశ్లేషణలో వర్షపాతం కొలతలు వాడరు. అంటే తాపీ పరీవాహకంలోని పాత వానమాపక పట్టికలు పరీక్షకు ముందు ఎవరికీ చూపని ప్రశ్నపత్రం లాంటివి. పీడనంతో గీసిన పటం ఫలానా రోజున బుర్హాన్‌పూర్ మీద భారీ వాన పడి ఉండాలంటే, అక్కడి రిజిస్టరు ఆ రోజు ఏమంటోందో చూడవచ్చు. కుదిరితే ఆ కాలపు పటం మీద నమ్మకం పెరుగుతుంది. కుదరకపోతే, అది తీరం మీది మధ్య పొరల ఆవర్తనమేమో, లేక విశాఖలోనో కటక్‌లోనో తప్పిన గంటేమో వెతకవచ్చు. అందువల్ల పీడనం, వర్షపాతం రిజిస్టర్లను రెండింటినీ ఒకే శ్రద్ధతో టైపు చేయించి, ఎవరైనా తీసుకునేలా ఉచితంగా బయట పెట్టాలి. వాడేటప్పుడు మాత్రం వాటిని కలపకూడదు.

నేలను చూసి పైనున్నదంతా చెప్పేయవచ్చన్న అతి ధీమా కూడా వద్దు. వానాకాలంలో దక్షిణ భారతం మీద సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి ఉరికే గాలి ప్రవాహాన్ని తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం 1958లో ప్రపంచానికి వివరించారు. బెలూన్ కొలతలు లేకుండా ఆ పని జరిగేది కాదు. అంత ఎత్తున, అంత దక్షిణాన, బారోమీటరు పట్టు తక్కువ.

తిరిగి 1837కే వస్తే, ఆ ఏడాది దేశంలో క్రమంగా బారోమీటరు చూసి రాసిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఈస్టిండియా కంపెనీ ఓడల లాగ్‌బుక్కుల నుంచి శాస్త్రవేత్తలు రాబట్టిన విలువైన సముద్ర కొలతలు 1834 దగ్గరే ఆగిపోతాయి, కంపెనీ వ్యాపారం అప్పటికి ముగిసింది కాబట్టి. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ రిజిస్టరు నడుస్తోంది. కలకత్తా టంకశాలలో పనిచేసే జేమ్స్ ప్రిన్సెప్ వాతావరణ పట్టికలు అచ్చు వేయిస్తున్నాడు. తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మిని ఆయన చదవగలిగిందీ ఆ ఏడాదే. ఈ రెండు ఊళ్ల మధ్య తూర్పు తీరం పొడుగునా దాదాపు ఖాళీ. ఆ ఏడాది వానాకాలం చివర తాపీకి వరద తెచ్చినది వాయుగుండమే అయితే, అది ఆ ఖాళీలోంచే లోపలికి నడిచి ఉంటుంది. విశాఖలో జగ్గారావు పరికరాలు బిగించడానికి అప్పటికి ఇంకా మూడేళ్లుంది.